ముందొకరు ఉండి వెళ్ళిన ఊరు

పాత సామాన్ల కొట్లో వీడియో గేముల అల్మరా ముందు పది నిమిషాలు నిలబడితే చాలు, ఆ చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు ఏ యేడాది దేనిమీద మోజు పడ్డారో, ఆ మోజు ఎప్పుడు తీరిందో తెలిసిపోతుంది. 2013లో డాలస్ శివార్లలో నేను పనిచేసిన థ్రిఫ్ట్ స్టోర్‌లో ఆ అల్మరాలో సగం మాడెన్ ఫుట్‌బాల్ ఉండేది. అది ఏటా ఒకటి వస్తుంది, పేరు పక్కనే సంవత్సరం అంకె. కొత్తది రాగానే పాతది పోయినేడాది పంచాంగం. మిగతా సగంలో గిటార్ హీరో తాలూకు ప్లాస్టిక్ గిటార్లు, వీ ఫిట్ పలకలు, డబ్బా ఉండి డిస్కు లేనివి, డిస్కు ఉండి డబ్బా లేనివి. కాస్త ధర పలికేవి అల్మరాలో పట్టుమని పూట కూడా ఉండేవి కావు. తలుపులు తియ్యడమే ఆలస్యం, ఫోన్లు పట్టుకుని నలుగురైదుగురు వచ్చేవాళ్ళు, వరసగా బార్‌కోడ్‌లు స్కాన్ చేసి, ఆన్‌లైన్లో లాభానికి పోయేవి ఏరుకుని వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళు వదిలేసినవే మామూలు మనుషులకి మిగిలేవి. ఈ వ్యాసం అలా మిగిలిన ఒక గేమ్ గురించి.

"పనిచేసిన" అన్నాను గానీ జీతానికి కాదు. అప్పటికి నాది హెచ్4 వీసా. భార్యల్లో కొందరికైనా ఉద్యోగం చేసుకునే వీలు కల్పించిన నిబంధన 2015 మే నెలలో గాని అమల్లోకి రాలేదు. అంతదాకా మాలాంటి వాళ్ళకి ఇంట్లో కూర్చోవడం, లేదంటే ఏదైనా సేవాసంస్థలో ఉచితంగా పనిచెయ్యడం. నేను వారానికి మూడు రోజులు వెళ్ళేదాన్ని. వెనక తలుపు దగ్గర జనం కార్లలోంచి దించే అట్టపెట్టెలు విప్పి, బట్టలు ఒకవైపు, గిన్నెలు ఒకవైపు, కరెంటు సామాన్లు ఒకవైపు వేరు చెయ్యాలి. తరవాత రంగు ట్యాగులు కొట్టాలి. వారానికో రంగుకి సగం ధర. ఎంటెక్ చదివిందని తెలిసి మా సూపర్‌వైజరు (డెబ్భై దాటిన పెద్దావిడ, ఆవిడా ఉచితంగానే చేసేది) నన్ను కరెంటు సామాన్ల బల్ల దగ్గర కూర్చోబెట్టింది. పాత టీవీ ఒకటి, వైర్లు ఒక గంప, మడత దగ్గర పగిలిన నింటెండో డీఎస్ ఒకటి. వచ్చిన ప్రతి గేమూ పెట్టి చూసి, తెర వెలిగితే "పనిచేస్తుంది" అని చీటీ అంటించడం నా పని.

అమ్మకి ఫోన్లో లైబ్రరీలో చేస్తున్నానని చెప్పాను. నిజం తెలిసిన రోజున, "ఎవరో విడిచిన బట్టలు మడతపెట్టడానికా తల్లీ అంత దూరం వెళ్ళింది?" అంది. కోపంగా కాదు, నిజంగా అర్థంకాకే. మా ఇంట్లో పాత బట్టలు బయటికి పోయేవేగాని లోపలికి వచ్చేవి కావు. నాలుగు పాత చీరలిస్తే ఒక స్టీలు గిన్నె, అంతే వాటితో సంబంధం. ఒకరు వాడినది ఇంకొకరు ముట్టుకోవడంలో మనకి ఒక రకమైన జంకు ఉంది, దాని వెనక ఏమేమున్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. మినహాయింపు ఒక్క పుస్తకాలకే. విజయవాడ లెనిన్ సెంటర్లో సగం ధరకి కొన్న ఇంటర్ ఫిజిక్స్ పుస్తకంలో, ముందు చదివినవాడు ఎక్కడ గీతలు గీశాడో నేనూ అక్కడే చదివాను. వాడికెన్ని మార్కులొచ్చాయో తెలియకుండానే వాణ్ణి నమ్మాను.

గేముల్లో ఆ గీతలేవి? నా ప్రశ్న అక్కడ మొదలైంది.

మా చిన్నప్పటి గేముల్లో ఏ గీతా ఉండేది కాదు. తొంభైల్లో మన ఊళ్ళల్లో అమ్మిన ఆ నకలు యంత్రాలు గుర్తున్నాయా? లక్షల్లో గేములున్నాయని పైన అంకె, లోపల చూస్తే అవే నాలుగు తిప్పి తిప్పి. వాటిని మనం "కేసెట్లు" అనేవాళ్ళం. కాంట్రా ఎంత దూరం ఆడినా స్విచ్చి తీస్తే సున్నా. ముందు ఎవరాడారన్నది ఆ కేసెట్‌కి తెలియదు. మేనమామ కొడుకు నాకిచ్చిన కేసెట్టూ, షాపులో కొత్తగా కొన్న కేసెట్టూ ఒకటే. దుమ్ము ఊదితే అంతా కొత్తదే.

పోకెమాన్ అలా కాదు. థ్రిఫ్ట్ స్టోర్‌కి వచ్చిన గేమ్‌బాయ్ కేసెట్లలో తరచుగా వచ్చేది అదే. అందులో ఒక్కరికే చోటు. మీరు కొత్తగా మొదలుపెట్టి సేవ్ చేశారంటే ముందు ఆడిన పిల్లవాడి వంద గంటల శ్రమ, వాడు పేర్లు పెట్టుకున్న జంతువులు, అన్నీ మాయం. పాత కేసెట్లలో ఆ జ్ఞాపకాన్ని నిలబెట్టేది లోపలున్న గుండీ బ్యాటరీ. గోల్డ్, సిల్వర్ కేసెట్లలో గడియారం కూడా దాని మీదే నడుస్తుంది కాబట్టి ఇంకా త్వరగా చస్తుంది. నా బల్ల మీద కొన్నింట్లో "కొనసాగించు" అన్న మాట వచ్చేది, కొన్నింట్లో వచ్చేది కాదు. రానివాటికి చీటీ అంటించడం సులువు. వచ్చినవాటి దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగేది. పోకెమాన్ డిజైన్ మీద నాకున్న ఫిర్యాదు ఇదే. అది ఒకరి తరవాత ఒకరు ఆడతారన్న ఊహే లేని గేమ్. ఇచ్చిపుచ్చుకోవడం గురించి అంత మాట్లాడుతుంది, కేబుల్ పెట్టి జంతువుల్ని మార్చుకోమంటుంది, కానీ కేసెట్టే చేతులు మారితే రెండోవాడు మొదటివాణ్ణి తుడిచేసి గాని లోపలికి రాలేడు.

అదే వేసవిలో బయట ఇంకో గొడవ నడుస్తోంది. కొత్త ఎక్స్‌బాక్స్‌లో పాత డిస్కులు చేతులు మారడానికి ఆంక్షలు పెడతామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది, జనం తిట్టిపోశారు, జూన్ నెల దాటకుండానే వెనక్కి తీసుకుంది. మధ్యలో సోనీ వాళ్ళు ఒక చిన్న వీడియో పెట్టారు. గేమ్‌ని స్నేహితుడికి ఎలా ఇవ్వాలో నేర్పే వీడియో అట. ఒకడు డిస్కు చేతికిస్తాడు, ఇంకొకడు పుచ్చుకుంటాడు, అయిపోయింది. అందరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. కానీ అందరూ హక్కు గురించే మాట్లాడారు, అమ్ముకోవచ్చా లేదా అని. ఆ డిస్కుతో పాటు ఇంకేం చేతికొస్తుందన్నది ఎవరి మాటల్లోనూ రాలేదు.

ఆగస్టులో అనుకుంటా, ఒక బూట్ల పెట్టెలో డీఎస్ కేసెట్లు ఏడెనిమిది వచ్చాయి. అందులో ఒకటి ఆనిమల్ క్రాసింగ్: వైల్డ్ వరల్డ్. పెట్టి చూశాను. ఇక్కడ ఒక ఊరుంది, పేరు పికిల్ అంది. పికిల్ అంటే పచ్చడే కదా. గుంటూరు జిల్లా మనిషికి ఇంతకన్నా ఆహ్వానం ఏం కావాలి? 3.99 డాలర్లకి ట్యాగు నేనే కొట్టి, నేనే కొనుక్కున్నాను.

ఈ గేమ్ తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. దీనికి గెలుపు లేదు, ఓటమి లేదు, చావు లేదు. ఒక చిన్న ఊళ్ళో మీరు, మీ చుట్టూ మాట్లాడే జంతువులు. చేపలు పడతారు, పళ్ళు కోస్తారు, ఉత్తరాలు రాస్తారు, దుకాణదారు టామ్ నూక్ దగ్గర ఇంటి బాకీ తీరుస్తారు. ముఖ్యమైన సంగతేమిటంటే, గేమ్‌లో కాలం మీ గడియారం ప్రకారమే నడుస్తుంది. మీరు ఆడకపోయినా నడుస్తుంది. నెల రోజులు తెరవకపోతే ఊరంతా కలుపు మొలుస్తుంది, ఇంట్లో బొద్దింకలు తిరుగుతాయి, ఇరుగుపొరుగు ఒకరిద్దరు ఊరొదిలి వెళ్ళిపోతారు. ఉన్నవాళ్ళు ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావని నిష్ఠూరమాడతారు. 2001లో జపాన్‌లో వచ్చిన మొదటి గేమ్ నుంచీ ఈ పద్ధతే. వైల్డ్ వరల్డ్ 2005లో వచ్చింది.

దీన్ని తయారుచేసినవాళ్ళలో ముఖ్యుడు కత్సుయా ఎగుచి. 1986లో నింటెండోలో చేరడానికి చిబా నుంచి క్యోటో వచ్చాడు. ఇంటివాళ్ళని, స్నేహితుల్ని వదిలి వచ్చాక, వాళ్ళ దగ్గర ఊరికే ఉండటం ఎంత విలువైనదో తెలిసిందనీ, దాన్ని తిరిగి పొందడమెలా అన్న ఆలోచనలోంచే ఈ గేమ్ పుట్టిందనీ తర్వాతెప్పుడో చెప్పుకున్నాడు. చిబా నుంచి క్యోటో అంటే ఒకే దేశం, రైలెక్కితే పూటలో పోయి రావచ్చు. అయినా బెంగ బెంగే. మనవాళ్ళు ఆ బెంగతో కవిత్వం రాస్తారు, అతను కలుపు మొక్కలు మొలిపించాడు. నా లెక్కన అతనిదే మెరుగైన పరికరం. బెంగ పడేవాడి వైపు నుంచి కాకుండా, వదిలేసిన ఊరి వైపు నుంచి కొలుస్తుంది కాబట్టి.

ఇక పికిల్. వైల్డ్ వరల్డ్ గొప్పతనం మొదట చూస్తే లోపంలాగే కనిపిస్తుంది. ఒక కేసెట్‌లో నలుగురు ఉండొచ్చు గాని ఇల్లు ఒక్కటే. అటక మీద నాలుగు మంచాలు. అంటే పోకెమాన్‌లో లాగా ముందువాళ్ళని చంపి రానక్కర్లేదు, వాళ్ళ ఇంట్లోనే ఇంకో మనిషిగా దిగొచ్చు. నేనలాగే దిగాను. వానలో టాక్సీ, ఎటు పోతున్నావని అడిగే డ్రైవరు, ఊళ్ళో దిగగానే మ్యాపు. ఆ ఊళ్ళో అప్పటికే ఇద్దరు మనుషులున్నారని తెలిసింది. ఒకరి పేరు మేడీ. రెండోవారి పేరు మామ్. అవును, అమ్మ.

కింద గదులన్నీ మేడీ సర్దుకున్నవి. పెద్ద ఇల్లు, బాకీ అంతా తీరిపోయిన ఇల్లు. ఒక గదినిండా చేపల తొట్లు, గోడవారగా వరసగా. ఇంకో గదిలో మధ్యన ఒకే ఒక్క కుర్చీ, దానికి ఎదురుగా టీవీ. అమ్మ కోసమేమో అనిపించింది. ఆ కుర్చీ జరపడానికి నాకు చెయ్యి రాలేదు. బయటికొచ్చి కలుపు తీశాను. వారం పట్టింది, రోజుకో అరగంట. మధ్యాహ్నమంతా స్టోర్‌లో ఎవరో వదిలేసిన సామాన్లు సర్దడం, రాత్రికి ఎవరో వదిలేసిన ఊరు సర్దడం. మా ఆయన చూసి, "అక్కడా జీతం లేదు, ఇక్కడా లేదు" అన్నాడు. నవ్వాను. ఆ రాత్రి అతనితో మాట్లాడలేదు.

ఈ గేమ్ మీద వచ్చిన విమర్శలో నేను చదివినంతలో ఎక్కువ భాగం టామ్ నూక్ చుట్టూ తిరుగుతుంది. ఇయన్ బోగోస్ట్ తన 2007 పుస్తకం 'పర్స్వేసివ్ గేమ్స్'లో దీన్ని అప్పుని, సరుకుల మోజుని అనుభవంలోకి తెచ్చే గేమ్‌గా చదివాడు. ఇల్లు పెద్దదైన కొద్దీ సామాను కావాలి, సామాను కొన్న కొద్దీ ఇంకా పెద్ద ఇల్లు కావాలి, నూక్‌కి బాకీ పెరుగుతుంది. మంచి పఠనం, కాదనను. అయితే మన వైపు నుంచి చూస్తే నూక్ ఒక వింత షావుకారు. వడ్డీ లేదు, గడువు లేదు, నోటు రాయించుకోడు, వీధిలో నిలబెట్టి అడగడు. నూటికి రెండు రూపాయల వడ్డీ లెక్కలు వింటూ పెరిగినవాళ్ళెవరూ దాన్ని అప్పు అనరు, చేబదులంటారు.

బోగోస్ట్ పఠనంతో నాకున్న అసలు పేచీ వేరే. అతను చదివింది కొత్త గేమ్‌ని. ఖాళీ ఇంట్లో, మొదటి అప్పుతో మొదలయ్యే కథని. నా చేతికొచ్చింది అప్పు తీరిన తర్వాతి కథ. నేను వానలో దిగేసరికి ఇల్లు రెడీగా ఉంది. నూక్ నాకూ కాసేపు దుకాణంలో పని చెప్పాడు, మొక్కలు నాటమన్నాడు, సరుకు అందించి రమ్మన్నాడు, కానీ ఇంటి బాకీ మాత్రం ఎవరో పిల్ల చేపలు అమ్మి అమ్మి ఎప్పుడో కట్టేసింది. సెకండ్‌హ్యాండ్‌లో ఇది అప్పు గురించిన గేమ్ కాదు, వారసత్వం గురించినది. ఒకరు కష్టపడి కట్టిన ఇంట్లో ఏమీ కట్టకుండా ఉండటం ఎలా ఉంటుందన్నది దాని ప్రశ్న. ఆ ప్రశ్న మన సాహిత్యానికి కొత్త కాదు. వీడియో గేమ్‌లో నాకు అంతకుముందు తగల్లేదు.

ఇప్పుడు చెప్పడానికి ఇబ్బందిగా ఉన్న భాగం. ఈ గేమ్‌లో తాళాలు లేవు. మొదలుపెట్టేటప్పుడు నువ్వెవరని అడుగుతుంది, నేను మేడీని అంటే నమ్మేస్తుంది. పదిహేను రోజులు ఆగాను. పుస్తకం అట్టమీద పేరు చదవడం వేరు, అందులో మడతపెట్టిన ఉత్తరం విప్పడం వేరు. ఒక రాత్రి మేడీని అన్నాను.

మేడీ సంచిలో ఉత్తరాలున్నాయి. అన్నీ మామ్ నుంచే. చదువుతుంటే ఒక చిక్కు వచ్చింది. ఈ గేమ్‌లో ఆడే ప్రతివాళ్ళకీ ఒక అమ్మ ఉంటుంది, తెరమీద ఎప్పుడూ కనిపించదు, అప్పుడప్పుడు ఉత్తరం రాస్తుంది. ఆవిడ సంతకమూ మామే. అంటే మేడీకి ఇద్దరమ్మలు. ఒకరు క్యోటోలో ఎవరో రచయితలు రాసిన అమ్మ, ఇంకొకరు ఆ అటక మీద మూడో మంచం పక్కన మంచంలో పడుకునే అమ్మ. ఏ ఉత్తరం ఎవరిది?

రెండు మూడు చదివాక తేడా తెలిసిపోయింది. గేమ్ రాసిన అమ్మ బాగా రాస్తుంది. నాన్న గురించి చిన్న జోకు, వాతావరణం గురించి ఒక వాక్యం, చివర్లో ప్రేమ. అన్నీ ఉండాల్సిన చోట ఉంటాయి. అసలమ్మ అలా రాయదు. ఒకదాంట్లో, ఇంక ఆపి పడుకోమని, రేపు స్కూలుందని. ఇంకోదాంట్లో, చేప ఎలా పట్టాలో అర్థం కావట్లేదని. స్పెల్లింగు తప్పులు, పెద్దక్షరాలు లేవు. డీఎస్ తెర మీద పుల్లతో ఒక్కొక్క అక్షరమే పొడుస్తూ రాయాలి. అది వచ్చిన వాళ్ళకే విసుగు, రానివాళ్ళకి ఇంకెంత కష్టమో. గేమ్‌లో సంభాషణల గురించి మెచ్చుకుంటూ ఎంతోమంది రాశారు, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ నున్నటి ఉత్తరాల పక్కన ఈ ముతక ఉత్తరాలు పెట్టి చూసినప్పుడు నాకు ఈ గేమ్ తాలూకు బలం, బలహీనత రెండూ ఒకేచోట కనపడ్డాయి. అది బెంగని రాయగలదు. కొత్తగా, సరదాగా, ఎన్నిసార్లయినా. రాయడం చేతకాని మనిషి కూతురి కోసం రాయడానికి కూర్చోవడాన్ని మాత్రం అది రాయలేదు. దానికి చోటిస్తుంది, అంతే.

మామ్‌గా కూడా ఒకసారి తెరిచాను. చదవని ఉత్తరం ఒకటి పడి ఉంది, మేడీ పంపింది. నువ్వు రావట్లేదు కాబట్టి పండు పంపిస్తున్నా అని ఒక వాక్యం, దానికి కట్టిన ఒక పియర్ పండు. తీసుకోకుండా వదిలేశాను. ఈ గేమ్‌లో టర్నిప్పులు కుళ్ళుతాయి గాని పళ్ళు కుళ్ళవు. అది ఎన్నేళ్ళైనా అలాగే ఉంటుంది.

తెల్లారి అమ్మకి ఫోన్ చేశాను. ఏం మాట్లాడామో గుర్తులేదు, ఎప్పటిలాగే. తిన్నావా, ఏం వండావు, అక్కడెంత టైమయింది. మా అమ్మ మాటలు రాసిపెడితే పది వాక్యాలకి మించవు, పదేళ్ళుగా అవే తిరుగుతున్నాయి. జంతువుల మాటలు కొన్నాళ్ళకి తిరిగి తిరిగి అవే వస్తాయన్నది ఈ గేమ్ మీద అందరూ చెప్పే లోపం. ఆ రోజు తర్వాత నేను దాన్ని లోపాల జాబితాలోంచి తీసేశాను.

తీసెయ్యని లోపం ఒకటుంది. ఇది ఊరు కాదు. ఎగుచి బెంగ నిజమే, కానీ అది పట్నంవాడు కలగనే ఊరు. చెట్లున్నాయి, పొలాల్లేవు. అందరూ కొంటారు, అమ్ముతారు, ఎవరూ ఎవరి దగ్గరా కూలికి పోరు. ఏటికి ఇవతల ఎవరు, అవతల ఎవరు అన్నదానికి అర్థమే లేదు, ఒకరోజు అవతలివాళ్ళు ఇవతలికొస్తే ఎవరికీ పట్టదు. వాడ లేని ఊరు చూసి సంతోషించొచ్చు, వాడని తీసేసి గీసిన ఊరని అనుమానించనూ వచ్చు. నాకు రెండోదే ముందు తోచింది. మన వెబ్ పత్రికల్లో వారం వారం వచ్చే "మా ఊరి చెరువుగట్టు" వ్యాసాలు కూడా ఇంతే కదా (నేనూ రెండు రాశాను, తవ్వి తియ్యకండి). ఊరొదిలి వెళ్ళేవాళ్ళని చూడండి. పాలమూరు నుంచి మనుషులు ఎందుకు వలసపోయారో మనకి తెలుసు. పికిల్‌లో ఒక ఏనుగు ఊరొదిలేస్తే అది బోరుకొట్టో, అలిగో. టౌన్ హాల్లో ఒక చెత్తబుట్ట ఉంటుంది, అక్కర్లేని సామాన్లు అందులో పడతాయి, ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. అది చూసినప్పుడల్లా నాకు మా స్టోర్ వెనక తలుపు గుర్తొచ్చేది. ఆ తలుపు దగ్గర పెట్టెలు దించేవాళ్ళలో పిల్లలు కాలేజీలకి వెళ్ళినవాళ్ళుంటారు, ఇల్లు బ్యాంకుకి పోయినవాళ్ళుంటారు, అమ్మో నాన్నో చనిపోయి నెలయినవాళ్ళుంటారు. కారెందుకు ఖాళీ అవుతోందో మేం అడగకూడదు. గేమ్ కూడా అడగదు. కాకపోతే మేం అడగకపోయినా మొహం కనిపిస్తుంది.

మేడీ పెట్టె దించింది ఎవరో నేను చూడలేదు. ఆ రోజు నాకు సెలవు.

2014 మే నెలలో నింటెండో డీఎస్ ఆన్‌లైన్ సేవలు ఆపేసింది. పికిల్‌కి బయటి ఊళ్ళనుంచి నెట్ మీద ఎవరూ రాలేకపోయారు. 2015లో నాకు పని అనుమతి కార్డు వచ్చింది, ఉద్యోగం వచ్చింది, థ్రిఫ్ట్ స్టోర్‌కి వెళ్ళడం మానేశాను. కేసెట్ సొరుగులో పడింది. 2020 మార్చిలో, అందరం ఇళ్ళల్లో ఇరుక్కున్నప్పుడు, న్యూ హొరైజన్స్ వచ్చింది, లోకమంతా ఆడింది. కొన్నాళ్ళకి నేనూ సెకండ్‌హ్యాండ్‌లో ఒకటి కొన్నాను, అలవాటు పోక. పెట్టి చూస్తే ఖాళీ. స్విచ్‌లో సేవ్ అంతా యంత్రంలోనే ఉంటుంది, కేసెట్‌లో ఏమీ ఉండదు. అమ్మినవాడి దీవి అమ్మినవాడితోనే ఉండిపోయింది. ఇది మంచి ఏర్పాటేనని వాదించొచ్చు. నాలాంటి వాళ్ళు ఇంకొకరి ఉత్తరాలు చదవకుండా ఉంటారు. ఇంజనీరుగా నేనైనా అలాగే కడతాను. పాఠకురాలిగా మాత్రం అది లెనిన్ సెంటర్లో రబ్బరు పెట్టి గీతలన్నీ చెరిపేసి అమ్మిన ఫిజిక్స్ పుస్తకం.

పాత గేముల్ని కాపాడటం గురించి ఈమధ్య మంచి పని జరుగుతోంది. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ఒక అధ్యయనం వెలువరించింది. అమెరికాలో విడుదలైన పాత గేముల్లో 87 శాతం ఇప్పుడు మామూలుగా కొనడానికి దొరకడం లేదని దాని సారాంశం. అదే ఏడు మార్చిలో నింటెండో త్రీడీఎస్, వీ యూల ఆన్‌లైన్ దుకాణాలు మూసేసింది. కాబట్టి థ్రిఫ్ట్ స్టోర్ అల్మరా ఇప్పుడు ఒక రకంగా గ్రంథాలయం. కానీ కాపాడేవాళ్ళు కాపాడేది గేమ్‌ని, అంటే ఎవరూ ఆడని, కొత్త కేసెట్‌లో ఉన్న గేమ్‌ని. పికిల్ ఆ లెక్కలోకి రాదు. అదింకో ప్రతి మాత్రమే, అదీ పాడైన ప్రతి.

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా అమ్మాయి సొరుగు వెతుకుతూ ఆ కేసెట్ పట్టుకొచ్చింది. దానికి తొమ్మిదేళ్ళు. డీఎస్‌కి ఛార్జరు వెతకడానికి ఒక పూట పట్టింది. ఊరంతా కలుపు, మోకాలెత్తు. "అమ్మా, ఈ మేడీ ఎవరు?" అని అడిగింది. తెలీదన్నాను. "మామ్ అంటే నువ్వా?" కాదన్నాను. కాసేపు నన్నూ తెరనూ మార్చి మార్చి చూసి, నమ్మకం కుదరక, సరేలే అని టాక్సీ ఎక్కింది. వాన పడుతోంది. డ్రైవరు పేరడిగాడు. ఒక్కొక్క అక్షరమే పొడుస్తూ రాసుకుంది.

అటక మీద నాలుగో మంచం దానిది. కింద గదిలోకి వెళ్ళి, ఆ కుర్చీ టీవీకి మరీ దగ్గరగా ఉందని వెనక్కి జరిపింది.